ఒకే గ్రంథం, రెండు తీర్పులు

మన లాల్‌పేట్‌లో మరాఠీ మీడియం చదివిన పిల్లలకు మహాత్మా జ్యోతిబా ఫూలే గారి ‘గులాంగిరీ’ పేరు కొత్త కాదు. 1873లో వెలువడిన ఆ పుస్తకాన్ని ఆయన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. పుణెలో ఉన్న ఆయనకు అమెరికా ఎందుకు గుర్తొచ్చింది? ఇది తెలియాలంటే 19వ శతాబ్దంలో అక్కడివారు బానిసత్వం గురించి రాసినవి కొంత తిరగేయాలి.

అక్కడ ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ శాఖ ఉంది. అందులో బిషప్పులు ఉండరు, సంఘం ఎన్నుకున్న పెద్దలే నడుపుతారు. ఫూలే గారు చదివిన స్కాటిష్ మిషన్ బడి కూడా ఆ శాఖవారిదే. అమెరికాలో బానిసత్వం మీద ఆ శాఖలోనే పెద్ద తగవు నడిచింది. ఒహాయోలో పాస్టరు జాన్ రాంకిన్, వర్జీనియాలో ఉన్న తన సోదరుడు బానిసలను కొన్నాడని తెలిసి ఉత్తరం వెనుక ఉత్తరం రాశారు. అవి 1826లో పుస్తకమయ్యాయి. ఆ సోదరుడు తర్వాత బానిసలను విడిచిపెట్టాడు. అదే శాఖకు చెందిన ప్రిన్స్‌టన్ పండితుడు చార్లెస్ హాడ్జ్ మాత్రం, బానిసలను ఉంచుకోవడం దానంతటదే పాపమని బైబిలు చెప్పలేదని 1836లో వాదించారు. ఫిలడెల్ఫియా పాస్టరు ఆల్బర్ట్ బార్న్స్ 1846లో అదే బైబిలు పట్టుకుని ఎదురువాదం రాశారు. నాకు బార్న్స్ వాదమే బలంగా కనిపిస్తుంది. అయినా హాడ్జ్‌ను చదవకుండా దాటేయకండి.

చట్టంలోనూ ఇదే తంతు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టేనీ, బానిసల సంతతివారు స్వేచ్ఛ పొందినా దేశ పౌరులు కారని తీర్పు రాశారు. జస్టిస్ కర్టిస్ ఒప్పుకోలేదు. రాజ్యాంగం ఆమోదం పొందిన నాటికే ఐదు రాష్ట్రాల్లో స్వేచ్ఛ గల నల్లవారికి ఓటుహక్కు ఉందని చూపించారు. లా చదివే పిల్లలు ఆ అసమ్మతి తీర్పును తప్పక చదవాలి. ఆవేశం కాదు, రికార్డు ముందు పెట్టి వాదించడం అంటే అది.

మనిషిని చట్టం ఆస్తిగా చూస్తే ఏమవుతుందో, తనఖా కాగితాలు రాసిన నాబోటి బ్యాంకు గుమాస్తాకు వేరే చెప్పాలా? లూసియానాలో రెండు బ్యాంకులు 1831-1865 మధ్య దాదాపు 13,000 మంది బానిసలను హామీగా పెట్టుకుని అప్పులిచ్చాయి. మనం పొలమో బంగారమో రాసే చోట మనుషులు! ఆ బ్యాంకుల వారసత్వం పొందిన జె.పి.మోర్గాన్ ఛేజ్ 2005లో క్షమాపణ చెప్పి, అక్కడి నల్లజాతి విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు 50 లక్షల డాలర్లు కేటాయించింది.

అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, నేరానికి శిక్షగా తప్ప. ఎనిమిదేళ్లకు ఫూలే గారు ఆ విముక్తిని చూపించి, ఇక్కడి శూద్రాతిశూద్రులకూ అది రావాలని రాశారు. అదే ఏడాది సెప్టెంబరు 24న సత్యశోధక్ సమాజ్ స్థాపించారు. ముంబైలో ఆయనకు అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడి లింగు వంటి మన తెలుగువారున్నారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన ఫూలే సమగ్ర వాఙ్మయంలో ‘గులాంగిరీ’ దొరుకుతుంది. అది ఇద్దరి సంభాషణగా సాగుతుంది కనుక, పిల్లలు మరాఠీలో చదువుతూ ఇంట్లో పెద్దలకు తెలుగులో అర్థం చెప్పవచ్చు.