లేఅవుట్ మ్యాప్‌లో పార్కు ఎక్కడ?

సివిల్ మూడో ఏడాదిలో టౌన్ ప్లానింగ్ ఎలెక్టివ్ తీసుకున్నాను. నిజం చెప్పాలంటే, మార్కులు ఈజీగా పడతాయని సీనియర్లు చెబితేనే తీసుకున్నా. కానీ ఆ సబ్జెక్టు వల్ల మా ఇంట్లో బీరువాలోంచి ఒక కాగితం బయటికొచ్చింది. శామీర్‌పేట వైపు నాన్న ఎప్పుడో కొన్న 150 గజాల ప్లాట్ తాలూకు లేఅవుట్ మ్యాప్ అది.

ముందు క్లాసులో వేసిన లెక్క చెబుతాను. ఎకరం అంటే 4,840 గజాలు. ఐదెకరాల లేఅవుట్ అంటే 24,200 గజాలు. అందులో 10 శాతం, అంటే 2,420 గజాలు పార్కు లాంటి ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లకు 30 శాతం పోతుందనుకుందాం. మిగిలేది 14,520 గజాలు. 200 గజాల చొప్పున 72 ప్లాట్లు వస్తాయి. పార్కును కూడా ముక్కలు చేసి అమ్మేస్తే ఇంకో 12 ప్లాట్లు! అనుమతి లేని లేఅవుట్లు ఎందుకు పుడతాయో ఈ లెక్కలోనే ఉంది.

నాన్న మ్యాప్‌లో హెచ్‌ఎండీఏ ఎల్‌పీ నంబర్ లేదు. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉంది.

"నాన్నా, ఇందులో పార్కు ఎక్కడ?" అని అడిగాను.

"అప్పుడు అది చూడాలని ఎవరికి తెలుసురా? సర్పంచ్ సంతకం ఉంది కదా అనుకున్నాం."

2020 ఎల్‌ఆర్‌ఎస్ ప్రకారం, ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాట్ కొన్నవాళ్లు క్రమబద్ధీకరణ ఫీజుతో పాటు రిజిస్ట్రేషన్ నాటి ప్లాట్ విలువలో 14 శాతం కట్టాలి. అంటే పార్కు అమ్ముకుని లాభపడింది ఒకరు, దానికి డబ్బు కట్టేది కొన్నవాళ్లు. అది కట్టినా పార్కు మాత్రం తిరిగి రాదు.

ఇక రెండో పాఠం నీళ్లది. 2020 అక్టోబర్ వానలకు మన కుత్బుల్లాపూర్‌లోని ఫాక్స్‌సాగర్ నిండి, ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే గీతే ఎఫ్‌టీఎల్. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్ వదలాలి. ఎండాకాలంలో చూస్తే అదంతా మైదానంలాగే కనిపిస్తుంది. బ్రోచర్‌లో 'లేక్ వ్యూ' అని ఉంటే ముందు ఈ గీత ఎక్కడుందో చూడాలి.

మీ ఇంట్లో ఎవరైనా ప్లాట్ కొంటున్నారా? నాలుగు చూడండి:

1. ఎల్‌పీ నంబర్ ఉందా? హెచ్‌ఎండీఏ దగ్గర అది సరిపోలుతోందా?
2. పార్కు మ్యాప్‌లోనే ఉందా, సైట్‌లో కూడా ఉందా?
3. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటితే, రెరా రిజిస్ట్రేషన్ ఉందా?
4. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాప్‌లో ఎఫ్‌టీఎల్ ఎక్కడివరకు వస్తోంది?

ఇదే పూర్తిగా చదవాలనుకుంటే మాసబ్‌ట్యాంక్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, విజయవాడ ఎస్‌పీఏలో ప్లానింగ్ కోర్సులున్నాయి. ఎస్‌పీఏలో ఎం.ప్లాన్ కోసం నేను గేట్‌కి చదువుతున్నాను.

మొన్న బాబాయ్ ఏదో ప్లాట్ చూశానని ఫోన్ చేశాడు. నాన్న ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చారు.