లారీలో పంపిన కారుకు దెబ్బ తగిలితే: 13 చిట్కాలు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నవారికి పుణెకో గురుగ్రామ్‌కో బదిలీ అయితే ఇంటి సామానుతో పాటు కారు కూడా లారీ ఎక్కుతుంది. దిగేసరికి బంపర్ పగిలి ఉండవచ్చు, తలుపుకు సొట్ట పడి ఉండవచ్చు. అప్పుడు చాలామంది డ్రైవర్‌తో కాసేపు వాదించి, చివరికి సొంత డబ్బుతో బాగుచేయించుకుంటారు. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి కొనుక్కున్న బండి విషయంలో అలా వదిలేసుకోవాల్సిన అవసరం లేదు. చట్టం మన వైపే ఉంది. అయితే పరిహారం వాదనతో రాదు, కాగితంతో వస్తుంది. ఆ కాగితాలు కారు లారీ ఎక్కకముందు నుంచే సిద్ధం కావాలి.

బుక్ చేసే ముందు

1. మీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూడండి. సొంత డ్యామేజీకి వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీ అయితే, రోడ్డు మీదో రైల్లోనో కారును తరలిస్తుండగా జరిగిన నష్టం కూడా సాధారణంగా అందులోకే వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ కారు నష్టానికి పైసా రాదు. కారు దారిలో ఉండగా గడువు ముగిసేలా ఉంటే ముందే రెన్యువల్ చేయించండి.

2. ‘ట్రాన్సిట్ ఇన్సూరెన్స్’ అని అదనంగా వసూలు చేస్తే పాలసీ కాగితం అడగండి. బీమా ఇవ్వగలిగేది బీమా కంపెనీయే తప్ప ప్యాకర్స్ సంస్థ కాదు. కాగితంలో కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ బండి నంబరు, బీమా మొత్తం ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో నేరుగా బీమా కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోండి. బిల్లులో ఒక వరుస రాసి ఇస్తే అది బీమా కాదు.

3. లారీ రశీదులో కారు అసలు విలువ రాయించండి. దీన్నే ఎల్‌ఆర్ అనీ బిల్టీ అనీ అంటారు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, దాని నిబంధనల ప్రకారం రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి 10 రెట్ల వరకే. అది కూడా మనం రాసిచ్చిన విలువను దాటదు. కిరాయి 12,000 రూపాయలైతే పరిమితి 1,20,000. ఎవరో 50,000 అని రాసేస్తే అంతకు మించి రాదు. ఖరీదైన కారైతే ఎక్కువ రిస్క్ రేటు కట్టి ఈ పరిమితిని పెంచుకునే వీలు కూడా చట్టంలో ఉంది. రశీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ అన్న ముద్ర కనిపిస్తే అప్పుడే అభ్యంతరం చెప్పి తీయించండి.

ఎక్కించే రోజు

4. కారు కడిగించి, పగటి వెలుతురులో వీడియో తీయండి. దుమ్ము ఉంటే గీతలు కనిపించవు. బండి చుట్టూ తిరుగుతూ నంబర్ ప్లేటుతో మొదలుపెట్టి పైకప్పు, బంపర్ల కింది అంచులు, చక్రాల రిమ్ములు, అద్దాలు, లోపలి సీట్లు అన్నీ చూపించండి. ఓడోమీటర్ రీడింగ్ స్పష్టంగా పడాలి. పాత గీతలను దగ్గర నుంచి తీయండి. వాటిని దాచకపోతేనే కొత్త దెబ్బల గురించి మీరు చెప్పేది నమ్ముతారు. ఆ వీడియోను అదే రోజు రవాణా సంస్థకు వాట్సాప్‌లో పంపితే తేదీకి సాక్ష్యం ఉంటుంది.

5. కండిషన్ రిపోర్టు మీద డ్రైవర్ సంతకం, మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. కొందరు ‘గీతలు, సొట్టలు ఉన్నాయి’ అని గంపగుత్తగా రాసేస్తారు. ఆ ఒక్క మాటతో దారిలో పడిన ప్రతి దెబ్బా పాతదైపోతుంది. ఏ వైపు, ఏ భాగంలో, ఎంత పొడవు గీత ఉందో విడివిడిగా రాయించండి.

6. కారులో ఇంటి సామాను పెట్టకండి. బ్రేక్ వేసినప్పుడల్లా అవి కదిలి అద్దాలకు తగులుతాయి. పోతే మోటారు పాలసీలో పరిహారం రాదు. ఆర్‌సీ ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని జిరాక్స్ ఇవ్వండి. పెట్రోలు పావు ట్యాంకు చాలు.

7. ఎక్కించేటప్పుడు దగ్గరుండండి. ర్యాంప్ మరీ ఏటవాలుగా ఉంటే ముందు బంపర్ కింది అంచు రాసుకుపోతుంది. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టారా, బెల్టులు టైర్లకు బిగించారా, పక్క బండికీ మీ బండికీ మధ్య ఖాళీ ఉందా చూడండి. లారీ నంబరు, డ్రైవర్ ఫోన్ నంబరు రాసుకోండి.

దించే రోజు

8. కారు ఎక్కడ దిగుతుందో ముందే అడగండి. పగటిపూట భారీ వాహనాలను నగరాల్లోకి అనుమతించరు కాబట్టి చాలాసార్లు ఊరి బయట యార్డులో దించి, అక్కడి నుంచి ఎవరో నడుపుకుంటూ ఇంటికి తెస్తారు. దెబ్బ ఆ చివరి పాతిక కిలోమీటర్లలోనూ తగలవచ్చు. వీలైతే యార్డుకే వెళ్లి తీసుకోండి. ఓడోమీటర్ రీడింగ్ ఎక్కించిన రోజు దానితో పోల్చండి. వందల కిలోమీటర్లు తేడా ఉంటే కారును లారీలో కాక రోడ్డు మీద నడిపారన్నమాట.

9. చూడకుండా సంతకం పెట్టకండి. మిగతా చిట్కాలన్నీ మరిచినా ఇది మరవొద్దు. ‘సరుకు బాగా అందింది’ అన్న కాగితం మీద సంతకం పడిందంటే ఆ తర్వాత మీ మాటకు బలం తగ్గిపోతుంది. పైకప్పు, బంపర్ మూలలు, సైడ్ మిర్రర్లు, రిమ్ములు, కారు కింది భాగం చూడండి. డ్రైవర్ తొందరపెట్టినా పావుగంట తీసుకోండి. చీకటి పడితే ‘వెలుతురు లేనందున పూర్తిగా పరిశీలించలేదు’ అని రాసి సంతకం చేసి, తెల్లారగానే చూసి ఫొటోలు పంపండి. మిగిలిన కిరాయి కారు చూసుకున్నాకే ఇస్తామని బుకింగ్ నాడే రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

10. దెబ్బ కనిపిస్తే ఆ కాగితం మీదే రాయండి. ‘ముందు బంపర్ ఎడమ మూల పగిలింది, ఎక్కించిన రోజు లేదు’ అన్నంత సూటిగా ఉండాలి. కారు లారీ మీద ఉండగానే కనిపిస్తే లారీ నంబరుతో కలిపి ఫొటో తీయండి. రాయనివ్వకపోతే ఆ మాటే వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో అప్పటికప్పుడు సంస్థకు పంపండి.

ఆ తర్వాత

11. బీమా కంపెనీకి వెంటనే చెప్పండి, కానీ క్లెయిమ్ చేసేముందు లెక్క వేయండి. సర్వేయర్ చూడకముందు రిపేరు చేయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అలాగే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఉదాహరణకు సొంత డ్యామేజీ ప్రీమియం 12,000, మీ బోనస్ 50 శాతం అనుకుందాం. క్లెయిమ్ తర్వాత బోనస్ సున్నాకు పడి, ఏటా 20, 25, 35, 45 శాతం మీదుగా మళ్లీ 50కి చేరుతుంది. ప్రీమియం మారదనుకుంటే ఈ అయిదేళ్లలో మీరు అదనంగా కట్టేది మొత్తం 15,000. బోనస్ రక్షణ యాడ్ఆన్ లేకపోతే, 8,000 రూపాయల సొట్టకు పాలసీని వాడటం నష్టమే. అలాంటిది రవాణాదారు నుంచే రాబట్టాలి.

12. రవాణా సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వండి. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా నోటీసు అందకపోతే 2007 చట్టం కింద దావా వేయడానికి వీలుండదు. ‘చూద్దాం, చేద్దాం’ అంటూ నెలలు గడిపేసే సంస్థలకు ఈ గడువు బాగా తెలుసు. రశీదు కాపీ, రెండు రోజుల ఫొటోలు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. డ్రైవర్ నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయాల్సిన పని లేదని ఆ చట్టమే చెబుతోంది. దావాలో మీ కారు బాగున్న స్థితిలో ఎక్కి దెబ్బతో దిగిందని చూపడం ముఖ్యం. ఈలోగా కొద్ది డబ్బు ఇచ్చి ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని సంతకం అడిగితే పెట్టకండి. బీమా క్లెయిమ్ కూడా నడుస్తుంటే ఆ సంతకం దానికీ అడ్డొస్తుంది. ఎందుకంటే మీకు చెల్లించాక రవాణాదారు నుంచి రాబట్టుకునే హక్కు బీమా కంపెనీకి వస్తుంది.

13. స్పందన లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, రవాణా సంస్థ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. చెల్లించిన కిరాయి 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. తగాదా బీమా కంపెనీతోనైతే ముందు దానికే ఫిర్యాదు చేసి, పరిష్కారం కాకుంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. డబ్బు చేతికొచ్చేదాకా వీడియోలు, రశీదులు, సందేశాలు ఒక్కటి కూడా చెరిపేయకండి.