గుండెజబ్బు వచ్చిన ఇంట పంచాయతీ తోడ్పాటు

సురంగల్ వంటి గ్రామమున ఇంటి యజమానికి గుండెజబ్బు వచ్చినచో మందులు, పథ్యము, హైదరాబాదు ప్రయాణము, పొలము పని అన్నియు ఇల్లాలి మీదనే పడును. వైద్యపరీక్ష నాడే కోత వచ్చినచో ప్రయాణము వాయిదా పడును, చికిత్స కుంటుపడును. భార్య రోగియైనచో భర్తకును ఇదే కష్టము.

సేవ చేయువారు మందుల పేర్లను, వేళలను, వైద్యుని అడుగవలసిన ప్రశ్నలను ఒక పుస్తకమున వ్రాసుకొనవలెను. ఇ.సి.జి. కాగితములను, డిశ్చార్జి పత్రమును ఒకే సంచిలో ఉంచి ప్రతి పరీక్షకు తీసికొని పోవలెను. గుండె బలహీనపడిన రోగిని ప్రతి ఉదయము తూచవలెను. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినను, పాదములు వాచినను, ఒంట నీరు చేరుచున్నదని గ్రహించి వెంటనే వైద్యునికి తెలుపవలెను. నెమ్మదించినదని మందులు మానరాదు. ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసము కలిగినచో ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 10 లక్షల రూపాయల వరకు చికిత్సా సహాయము లభించుచున్నది. కార్డు, పత్రములు సరిగా ఉన్నవో లేవో సభ్యులు ముందుగానే చూడవలెను.

పంచాయతీ సభ్యులను మేము కోరునది ఒక్కటే. మీ వార్డులోని హృద్రోగులు ఆసుపత్రికి పోవలసిన తేదీలను ఆశా కార్యకర్త ద్వారా తెలిసికొనుడు. ఆ దినమున వారి పశువులను, పిల్లలను చూచుటకు పొరుగువారిని, వెంట పోవుటకు మరియొక మనిషిని ఏర్పాటు చేయుడు.