పట్టేసిన జీప్ తలుపు: సుత్తి తీసే ముందు చెయ్యాల్సినవి

కారు తలుపు ఊడిందంటే మనకి అది యాక్సిడెంట్ వార్త. జీప్ రాంగ్లర్ ఉన్నవాళ్ళకి మాత్రం అది ఆదివారం పొద్దున చేసుకునే పని. ఆ బండి తలుపులు విప్పుకోవడానికి వీలుగానే తయారవుతాయి. ఒక్కో తలుపుకి రెండు స్క్రూలు, ఒక వైరు కనెక్టర్, ఒక పట్టీ, అంతే. అన్నీ బాగుంటే పావుగంటలో అయిపోతుంది. బాగోలేకపోతే స్క్రూలు తీసేసినా తలుపు అంగుళం కూడా కదలదు. అప్పుడు అందరికీ వచ్చే మొదటి ఆలోచన సుత్తి. ఆ ఆలోచనని కాసేపు పక్కన పెట్టి, తలుపుని ఏది పట్టుకుందో చూద్దాం. ఫస్టియర్‌లో "ఇది ఎక్కడ వాడతాం సార్" అని మనం అడిగిన మెకానిక్స్, కెమిస్ట్రీ రెండూ ఇక్కడ పనికొస్తాయి.

అసలు తలుపులు ఎందుకు తీస్తారు?

1941 నాటి విల్లీస్ ఎంబీ, అంటే రెండో ప్రపంచ యుద్ధం జీప్‌కి, అసలు ఇనుప తలుపులే లేవు. సైనికుడు గబుక్కున ఎక్కాలి, దిగాలి. అదే రకం జీప్‌ని 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. పాత తెలుగు సినిమాల్లో తలుపుల్లేని జీప్‌లు కనిపించేది అందుకే. తర్వాత తలుపులు వచ్చాయి కానీ, తీసేసే అలవాటు పోలేదు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోయబ్ లాంటి చోట్ల బండ రాళ్ళ మీద నడిపేటప్పుడు, ముందు చక్రం ఏ రాయి మీద ఉందో డ్రైవర్ పక్కకి వంగి చూసుకోవాలి. తలుపు లేకపోతే అది సులువు. ఇప్పటి రాంగ్లర్ మోడల్‌ని 2021 నుంచి పుణె దగ్గర రంజన్‌గావ్‌లో కూడా బిగిస్తున్నారు, కాబట్టి ఇది పూర్తిగా పరాయి విషయం కూడా కాదు.

తలుపు ఎలా కూర్చుంటుంది?

మన ఊళ్ళల్లో ఇనుప గేటు గుర్తు తెచ్చుకోండి. స్తంభానికి పైకి లేచిన కొక్కేలు రెండు ఉంటాయి, గేటుకి ఉన్న రింగులు వాటి మీద కూర్చుంటాయి. నిలువుగా పైకి లేపితే గేటు చేతికొచ్చేస్తుంది. రాంగ్లర్ తలుపు కూడా ఇదే పద్ధతి, కాకపోతే తిరగేసి ఉంటుంది. కిందికి చూసే పిన్ను తలుపు వైపు బందుకి ఉంటుంది, అది బాడీ వైపు బందులోని రంధ్రంలోకి దిగుతుంది. పైన ఒకటి, కింద ఒకటి, రెండు బందులు. కుదుపులకి తలుపు ఎగిరిపోకుండా ప్రతి బందుకీ అడుగు నుంచి ఒక స్క్రూ బిగిస్తారు.

కాబట్టి స్క్రూలు తీశాక తలుపుని ఆపాల్సింది దాని బరువు ఒక్కటే. ఇంకా ఏదైనా ఆపుతోందంటే కారణం మూడింట్లో ఒకటి: విప్పడం మర్చిపోయిన భాగం, తుప్పు, లేదా మనం లేపే పద్ధతి.

ముందు మామూలు వరస

1. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి ఇంజిన్ ఆఫ్ చెయ్యండి. అద్దం పూర్తిగా కిందికి దించండి.

2. వైరు కనెక్టర్ విప్పండి. డ్యాష్‌బోర్డు కింద, కాళ్ళు పెట్టుకునే చోటి పక్క గోడ దగ్గర చూడండి. కనెక్టర్‌కి లాక్ ఉంటుంది. ముందు లాక్ జరపాలి, తర్వాతే లాగాలి. వైరు పట్టుకుని లాగొద్దు.

3. తలుపు మరీ ఎక్కువ తెరుచుకోకుండా ఆపే పట్టీని విడదీయండి. ఇది లేకపోతే తలుపు వెనక్కి వెళ్ళి బాడీకి కొట్టుకుంటుంది, అందుకే ఇక్కడి నుంచి ఒక మనిషి తలుపు పట్టుకునే ఉండాలి.

4. బందుల అడుగున ఉన్న స్క్రూలు తియ్యండి. ఇప్పటి మోడల్‌లో ఇవి ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో ఉండే టార్క్స్ రకం, సైజు టి-50. బిట్ పెట్టే ముందు ఆ నక్షత్రంలో ఇరుక్కున్న మట్టిని సూదితో తీసెయ్యండి. బిట్ పూర్తిగా దిగకుండా తిప్పితే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత పని చాలా కష్టమవుతుంది.

ఇక్కడ ఒక తికమక ఉంది. స్క్రూ తల నేల వైపు చూస్తోంది, మనం పైనుంచి వంగి చూస్తున్నాం. తలకి ఎదురుగా ఉండి చూస్తే అపసవ్యంగా తిప్పాలి, అదే పైనుంచి చూస్తే సవ్యంగా తిప్పుతున్నట్టు కనిపిస్తుంది. ఇది మర్చిపోతే వదులు చేస్తున్నాం అనుకుంటూ ఇంకా బిగించేస్తాం.

5. ఇద్దరూ కలిసి నిలువుగా పైకి లేపండి.

రాకపోతే సుత్తి కాదు, 2 నుంచి 4 వరకు మళ్ళీ చెక్ చెయ్యండి. వైరు తగిలించి ఉండగా తలుపుని బలంగా లాగితే తెగేది వైరింగే.

లేపే పద్ధతిలో ఉన్న లెక్క

హాస్టల్ టేబుల్ సొరుగుని ఒక మూల పట్టుకుని లాగితే వంకరగా తిరిగి బిగుసుకుపోతుంది. మధ్యలో పట్టుకుంటే వచ్చేస్తుంది. తలుపు విషయంలోనూ జరిగేది అదే. నమ్మకం కుదరకపోతే సుమారు లెక్క ఒకటి వేద్దాం.

తలుపు బరువు 25 కిలోలు, పొడవు 1 మీటరు, బరువు కేంద్రం బందుల నుంచి అర మీటరు దూరంలో, రెండు బందుల మధ్య ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుందాం. ఘర్షణ గుణకం 0.2.

మొదటి పద్ధతి: బందుల పక్కనే పట్టుకుని లేపడం. తలుపు బరువు దాన్ని బయటికి వంచాలని చూస్తుంది. ఆ వంపుని ఆపడానికి ఒక్కో బందు మీద పక్కకి పడే బలం 25 ని 0.5 తో గుణించి 0.4 తో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 31 కిలోలు. రెండు బందులకీ కలిపి ఘర్షణ పన్నెండున్నర కిలోలు. 25 కిలోల తలుపు 37 కిలోల పైనే అనిపిస్తుంది.

రెండో పద్ధతి: హ్యాండిల్ ఉన్న చివర పట్టుకుని లేపడం. చేతికి అదే అనువుగా ఉంటుంది కాబట్టి చాలామంది ఇలాగే చేస్తారు. ఇప్పుడు వంపు రెండో వైపుకి తిరుగుతుంది. మనం ఎన్ని కిలోల బలం పెడితే అందులోంచి పన్నెండున్నర తీసేసి, మిగిలిందంతా బందుల దగ్గర ఘర్షణగా మారిపోతుంది. అంటే ఆపే బలం మొత్తం: తలుపు బరువు 25, దానికి మన బలం కలిపి, పన్నెండున్నర తీసెయ్యాలి. మనం ఎంత పెంచినా ఆపేది మనకంటే పన్నెండున్నర కిలోలు ఎక్కువే ఉంటుంది. తుప్పు ఏమీ లేకపోయినా, ఈ కొలతలకి, తలుపు రాదు. ఇద్దరు బలవంతులు వచ్చినా రాదు.

మూడో పద్ధతి: బరువు కేంద్రం కింద నుంచి లేపడం. వంపు సున్నా, పక్క బలం సున్నా, ఘర్షణ సున్నా. 25 కిలోలు పెడితే చాలు.

నిజం తలుపుకి కొలతలు వేరు, పిన్ను పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. కానీ నేర్చుకోవాల్సింది మారదు. ఒకరు బందుల వైపు, ఇంకొకరు హ్యాండిల్ వైపు నిలబడి, ఒకే మాట మీద ఒకే ఎత్తు లేపాలి. మనిషి తక్కువైతే తలుపు మధ్య భాగం కింద చెక్క ముక్క, దాని కింద జాకీ పెట్టి, బరువు దాని మీదకి వచ్చేదాకా మెల్లగా లేపండి. జాకీ పని బరువు మోయడమే. దాంతో తలుపుని బలవంతంగా పీకొద్దు. ఒక్కసారిగా ఊడి పక్కకి ఒరిగితే పాదం మీద పడుతుంది.

అయినా రాకపోతే, అప్పుడు తుప్పు

మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీరు బందులోకి దిగి నెలల తరబడి ఉండిపోతుంది. మన విశాఖ బీచ్ రోడ్డు పక్క ఇళ్ళల్లో కిటికీ గడియలు పట్టేసేదీ ఇందుకే, అక్కడ ఉప్పు గాలిలో వస్తుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు రెట్ల కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిన్నుకీ రంధ్రానికీ మధ్య ఉన్న కాస్త సందు అలా నిండిపోతుంది.

2018 మోడల్ నుంచి రాంగ్లర్ తలుపులూ బందులూ అల్యూమినియంతో చేస్తున్నారు. స్క్రూ ఉక్కు, బందు అల్యూమినియం, మధ్యలో ఉప్పు నీరు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనం చూసిన గాల్వానిక్ సెల్ ఇదే. ఇందులో అల్యూమినియం యానోడ్ అవుతుంది, అంటే తినబడేది అదే. బందు దగ్గర ఎర్ర పొడి కనిపిస్తే ఇనుము తుప్పు, తెల్ల పొడి కనిపిస్తే అల్యూమినియం. తెల్ల పొడి ఉన్న చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ లోహం అప్పటికే బలహీనపడి ఉండొచ్చు.

ఇప్పుడు తక్కువ బలం నుంచి ఎక్కువ బలానికి వెళ్ళే వరస.

మొదట నూనె. తుప్పు వదిలించే పలచటి నూనె, అంటే పెనెట్రేటింగ్ ఆయిల్, బందు పై అతుకులోనూ కింది రంధ్రంలోనూ కొట్టండి. చాలామంది డబ్ల్యూడీ-40 కొడతారు. దాని పేరులోని డబ్ల్యూడీకి అర్థం నీటిని తరిమేది అని, అట్లాస్ క్షిపణి పై తొడుగుకి తుప్పు పట్టకుండా మొదట్లో వాడారు. అది ఉంటే వాడండి, ఇదే పని కోసం చేసిన నూనె దొరికితే ఇంకా మంచిది. ఏదైనా రాత్రంతా వదిలెయ్యాలి. సన్నటి సందులోకి నూనె పాకడానికి టైం పడుతుంది, మన తొందర దానికి తెలీదు.

తర్వాత తిప్పడం. స్క్రూలు తీసేసి, తలుపుని పట్టుకుని, ఇరవై ముప్పై సార్లు మెల్లగా తెరిచి మూయండి. పిన్ను తిరగడానికే ఉన్న భాగం కాబట్టి ఆ దిశలో కదిలించడం సులువు. తిరిగిన ప్రతిసారీ తుప్పు పొర కాస్త నలిగి, నూనె ఇంకాస్త లోపలికి పోతుంది. మళ్ళీ నూనె, మళ్ళీ తిప్పడం. పట్టేసిన తలుపుల్లో చాలా భాగం ఈ దశలోనే లొంగుతాయి.

మూడోది తట్టడం. తలుపు బరువు జాకీ మీద ఉండగా, పిన్ను అడుగు నుంచి పైకి, మధ్యలో గట్టి చెక్క ముక్క పెట్టి, రబ్బరు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. పైన రెండు, కింద రెండు, మార్చి మార్చి. ఒకే బందుని కొడుతూ పోతే తలుపు ఒరిగి, పైన వేసిన లెక్క మళ్ళీ మన మీదకే వస్తుంది. అడుగున నట్ ఉండే రకమైతే, నట్‌ని పిన్ను చివరకి సమంగా వచ్చేదాకా వదులు చేసి కొట్టాలి, లేకపోతే మరలు నలిగిపోతాయి.

నాలుగోది వేడి. హీట్ గన్ మాత్రమే, మంట ఎప్పుడూ వద్దు. నూనె కొట్టిన చోట మంట పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. డిగ్రీ వేడికి అల్యూమినియం పది లక్షల్లో 23 వంతులు, ఉక్కు 12 వంతులు వ్యాకోచిస్తాయి. 10 మిల్లీమీటర్ల రంధ్రం 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 18 మైక్రాన్లు పెరుగుతుంది. లోపలి ఉక్కు పిన్ను అంతే వేడెక్కినా పెరిగేది 10 మైక్రాన్లలోపే. మిగిలే తేడా వెంట్రుక మందంలో చిన్న భాగం, కానీ తుప్పు పట్టు వదలడానికి కొన్నిసార్లు అంత చాలు. బందులో ప్లాస్టిక్ బుష్ ఉంటే ఎక్కువ వేడికి అది కరుగుతుంది, పెయింట్ కూడా ఉబ్బుతుంది. అందుకే వేడిని చివరికి ఉంచాం.

చెయ్యకూడనిది ఒక్కటే: రెండు బందుల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తడం. అల్యూమినియం బందు వంగితే తలుపు మళ్ళీ సరిగ్గా మూసుకోదు. ఇవన్నీ చేసినా రాకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడమే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మళ్ళీ పెట్టేటప్పుడు

పిన్నుల్ని బ్రష్‌తో శుభ్రం చేసి, తుడిచి, పలచగా గ్రీజు రాయండి. పోయినసారి ఇది చెయ్యకపోవడమే ఈ తిప్పలన్నిటికీ మూలం. స్క్రూ బిగింపు 10 న్యూటన్ మీటర్లు మించకూడదు. 20 సెంటీమీటర్ల రెంచి చివర సుమారు 5 కిలోల బలం అన్నమాట, అంటే ఒక చేత్తో మామూలుగా బిగించినంత. అంతకు మించితే విరుగుతుంది.

తలుపు లేకుండా వెళ్ళే ముందు ఇంకో విషయం. రాంగ్లర్‌లో పక్క అద్దాలు తలుపుకే ఉంటాయి, తలుపుతో పాటే పోతాయి. పక్క నుంచి ఇంకో బండి గుద్దితే మనకీ దానికీ మధ్య ఏమీ ఉండదు. కాబట్టి కొండ దారిలో, తక్కువ స్పీడులో, సీటు బెల్టుతో అయితే సరే. హైవే మీద ఫొటో కోసం మాత్రం వద్దు.

చివరగా మన క్లబ్ పని ఒకటి. ఈ వ్యాసంలో నేను "బందు" అని రాశాను. కొందరు "కీలు" అంటారు, "మడతబందు" అనేవాళ్ళూ ఉన్నారు. మీ ఊళ్ళో వడ్రంగి గానీ వెల్డింగ్ షాపు అన్న గానీ ఏమంటారో, గేటు కొక్కేనికి వేరే పేరుందేమో కనుక్కుని రాసి పంపండి. వచ్చే సంచికలో ఊరి పేర్లతో సహా జాబితా వేద్దాం.