వేడెక్కే గాలి – ఉప్పొంగే వాగు

పొద్దున దాటి వచ్చిన వాగు సాయంత్రం ఇంటికి పోనిస్తుందా? వర్షాకాలంలో కోర్పనా వైపు పల్లెల నుండి బడికి వచ్చే పిల్లలకు ఇది పాఠ్యపుస్తకంలోని ప్రశ్న కాదు. విద్యార్థులు పెన్ను, కాగితం దగ్గర పెట్టుకొని ఈ పాఠం చదవాలని, తల్లిదండ్రులు వాగు దాటడం గురించిన భాగమైనా తప్పక చదవాలని నా మనవి.

వరదలన్నీ ఒకటి కావు. మనకు, ఆదిలాబాద్ జిల్లాకు నడుమ సరిహద్దుగా పారే పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత గోదావరిలో చేరుతుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు అందులో మన వైపు నీళ్లు కూడా ఉన్నాయి. అయితే అంత పెద్ద నది పెరగడానికి సమయం పడుతుంది కాబట్టి ముందే హెచ్చరించవచ్చు, ఊళ్లు ఖాళీ చేయించవచ్చు. ఆకస్మిక వరద అలా కాదు. వాన పడిన ఆరు గంటల లోపే వస్తుంది. ఒర్రెలు, చిన్న వాగులే దాని దారి.

ఇక గాలి సంగతి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఉండగలదు. 30 డిగ్రీల వద్ద అదే గాలిలో సుమారు 30 గ్రాములు ఉండగలదు. అంటే ఒక్కో డిగ్రీకి 6–7 శాతం చొప్పున పెరుగుతుంది. దీనినే క్లాసియస్–క్లాపెరాన్ సంబంధం అంటారు. ఆ ఆవిరి మేఘమై నీరుగా మారేటప్పుడు దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేచి, చుట్టుపక్కల తేమను కూడా లాక్కుంటుంది.

తెలివైన విద్యార్థి ఇక్కడ నన్ను ఆపాలి. “పెరిగింది ఏడు శాతమే కదా, మరి భారీ వర్షాలు అన్ని రెట్లు ఎలా పెరుగుతాయి?” దీనికి జవాబు మీ మార్కుల జాబితాలోనే ఉంది. తరగతిలో అందరికీ అయిదేసి మార్కులు కలిపి చూడండి. సగటు అయిదే పెరుగుతుంది, కానీ 90 దాటినవారి సంఖ్య రెండింతలు కూడా కావచ్చు. వాన కూడా అంతే. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1950–2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి తీవ్ర వర్షాలు సుమారు మూడు రెట్లయ్యాయి. అదే కాలంలో ఇక్కడి మొత్తం ఋతుపవన వర్షం మాత్రం తగ్గింది. అంటే పోయింది ముసురు, వచ్చింది కుండపోత. రైతు ఇంట పుట్టినవారికి దీని నష్టం వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఒక వాగుకు 10 చదరపు కిలోమీటర్ల నుండి నీరు వస్తుందనుకోండి. అక్కడ 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల ఘనపు మీటర్ల నీరు. అదంతా పారిందనే అనుకుందాం. 24 గంటలలో వస్తే సెకనుకు సుమారు 12 ఘనపు మీటర్లు. రెండు గంటలలో వస్తే సుమారు 139. నిజానికి తేడా ఇంకా ఎక్కువే, ఎందుకంటే ముసురు వానలో నేల కొంత తాగుతుంది. తడిసి ఉబ్బిన నల్లరేగడికి కుండపోతను తాగే తీరిక ఉండదు.

2023 జూలై 27 ఉదయం 8.30 వరకు 24 గంటలలో తెలంగాణలోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే రోజు తెల్లవారేసరికి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తగా జనం ఇంటి కప్పులెక్కారు. అది కేవలం భూతాపం వల్లనే అని నేను అనను. పూడిన తూములు, ఒర్రెను ఆక్రమించి కట్టుకున్న ఇళ్లు కూడా ఎన్నో ఊళ్లను ముంచుతున్నాయి. ఆ తప్పులను వాతావరణం మీదకు నెట్టడం ఈమధ్య సులువైపోయింది.

తల్లిదండ్రులకు: పారే నీటి తాకిడి వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. జానెడు లోతు లేకున్నా వడిగల నీరు పెద్దమనిషిని పడదోయగలదు. మోకాలి లోతు నీటిలో కార్లు కొట్టుకుపోతాయి. బురద నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి కనబడదు. పైన ఎక్కడో వాన పడితే, మన నెత్తిన ఎండ ఉండగానే వాగు రావచ్చు. కాబట్టి వాగుకు బడి వైపున ఒక బంధువునో, తెలిసినవారినో ముందే మాట్లాడి పెట్టండి. నీరు వంతెన మీదికి వస్తే పిల్లలు ఆ రాత్రి అక్కడే ఉండాలి. ఈ ఏర్పాటు జూన్‌లోనే జరగాలి. ఒకరోజు హాజరు పోయినా ఫరవాలేదు.

విద్యార్థులకు అభ్యాసం: నిలువు గోడలున్న డబ్బాను ఆరుబయట పెట్టి, స్కేలుతో వానను మిల్లీమీటర్లలో కొలవండి. వాన మొదలైన వేళ, ఆగిన వేళ కూడా వ్రాయండి. మీ ఊరి వాగుకు నీరిచ్చే విస్తీర్ణం 4 చదరపు కిలోమీటర్లు, గంటన్నరలో పడిన వాన 60 మిల్లీమీటర్లు, అందులో సగం పారిందనుకుంటే సెకనుకు ఎంత నీరు వస్తుంది?