మెదడు ధమనికి ప్రయోగశాలలో ప్రతిరూపము

పంటకాలువ గట్టు ఒకచోట కోసికొనిపోయి, ప్రక్కన చిన్న గుంట ఏర్పడుట మనమందరము చూచియే యుందుము. కాలువ నీరు ముందుకు సాగుచుండగా, అందు కొంత గుంటలో చొరబడి, గుండ్రముగా తిరిగి, మరల కాలువలో కలియును. ఎండుటాకు నొకదానిని వేసిన, అది అచ్చట చాలసేపు సుడి తిరుగును. ఇట్టి గుంటయే మనుష్యుని మెదడులోని ధమనికి ఏర్పడిన నేమగును? దానిని మాన్పు సాధనమును రోగికి అమర్చుటకు ముందు ఎట్లు పరీక్షింతురు? ఈ పాఠమున తెలిసికొందము.

వ్యాధి స్వరూపము

గుండెనుండి రక్తమును కొనిపోవు నాళములు ధమనులు. మెదడు అడుగున ఇవి వలయముగా కలియును. 1664లో దీనిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ పేరున దీనిని విల్లిస్ వలయమందురు. ధమని చీలుచోటను, వంపు తిరుగుచోటను గోడ బలహీనపడి బుడగవలె ఉబ్బవచ్చును. దీనికి అన్యూరిజమ్ అని పేరు. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇట్టి బుడగ ఉండునని అంచనా. వానిలో పెక్కు ఎన్నడును పగులవు. పగిలినచో మాత్రము మెదడు చుట్టును రక్తము చిమ్మి ప్రాణాపాయము కలుగును.

చికిత్స

1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అను శస్త్రవైద్యుడు పుర్రెను తెరచి, బుడగ మెడకు లోహపు క్లిప్పు బిగించెను. 1990లో పుర్రెను తెరువకయే, నాళము లోపలినుండి సన్నని ప్లాటినము తీగచుట్టలను పంపి బుడగను నింపు పద్ధతి వచ్చెను. తరువాత వచ్చినది ప్రవాహమును మళ్ళించు స్టెంటు. ఇది సన్నని లోహపు తీగలతో జల్లెడవలె అల్లిన గొట్టము. 2011లో అమెరికాలో అనుమతి పొందిన ‘పైప్‌లైన్’ అను స్టెంటులో కోబాల్టు-క్రోమియము మిశ్రలోహపు తీగలును, ప్లాటినము తీగలును కలిపి 48 ఉండును. దీనిని బుడగలో పెట్టరు. బుడగ నోటికి అడ్డముగా ధమనిలోనే పరతురు. అప్పుడు లోపలికి చొరబడు రక్తము తగ్గి, సుడి మందగించి, నిలిచిన రక్తము గడ్డకట్టును. కొన్ని నెలలలో జల్లెడపై క్రొత్త పొర పెరిగి బుడగ నోరు మూసికొనును.

అయితే ఒక చిక్కు కలదు. ధమనినుండి మెదడునకు పోవు సన్నని కొమ్మల నోళ్ళను కూడ ఆ జల్లెడయే కప్పవచ్చును. అల్లిక మిక్కిలి దట్టమైన కొమ్మలకు రక్తము కొరవడును. పలుచనైన సుడి తగ్గదు. లోహము హెచ్చినకొలది దానిపై రక్తము గడ్డకట్టు భయమును హెచ్చును. ఈ హద్దుల నడుమ తగిన అల్లికను వెదకుటయే పరీక్షకు ప్రయోజనము.

ప్రతిరూప నిర్మాణము

రోగి ధమనుల ఛాయాచిత్రములనుండి మొదట కరగిపోగల అచ్చును తయారుచేయుదురు. దాని చుట్టును సిలికోను అను పారదర్శక పదార్థమును పోసి, గట్టిపడిన పిమ్మట అచ్చును కరగింతురు. ధమని ఆకారము గల బోలు మార్గము మిగులును.

ఇందులో రక్తమును పోసిన లోపల ఏమియు కనబడదు. ఉత్త నీటిని పోసిన, కాంతి వంగి చిత్రము వికృతమగును. ఏలనన, నీటి వక్రీభవన గుణకము 1.33, సిలికోనుకు సుమారు 1.41. బరువులో 60 వంతులు గ్లిసరిను, 40 వంతులు నీరు కలిపినచో ద్రవమునకును 1.41 వచ్చును. అప్పుడు గోడ కంటికి కనబడక, ప్రవాహము మాత్రమే కనబడును. బోరోసిలికేటు గాజుకడ్డీని గ్లిసరినులో ముంచి, అది మాయమైనట్లు తోచుటను మన పాఠశాలలోనే చూడవచ్చును.

రెనాల్డ్స్ సంఖ్య

ఆ మిశ్రమము రక్తముకంటె సుమారు మూడింతలు చిక్కనిది. అట్లయిన అది రక్తమువలె ఎట్లు ప్రవహించును? దీనికి ఆధారము 1883లో మాంచెస్టరు నగరమున ఆస్బర్న్ రెనాల్డ్స్ గాజుగొట్టములలో రంగుధారతో చేసిన ప్రయోగములు. సాంద్రత, వేగము, వ్యాసము—ఈ మూటి లబ్ధమును స్నిగ్ధతచే భాగింపగా వచ్చునది రెనాల్డ్స్ సంఖ్య. ఆకారము ఒకటియై, ఈ సంఖ్య సమానమైనచో, నిలుకడగా సాగు ప్రవాహముల తీరు సమానముగా నుండును.

ధమని వ్యాసము 0.4 సెం.మీ., వేగము సెకనుకు 35 సెం.మీ., సాంద్రత 1.05, స్నిగ్ధత 0.035 పాయిజులు అనుకొందము. 1.05 × 35 × 0.4 ÷ 0.035 = 420. చిక్కని ద్రవమును వాడినపుడు వేగమునైనను, ప్రతిరూప పరిమాణమునైనను పెంచి ఇదే సంఖ్యను సాధింపవలెను. గుండె కొట్టుకొనుటను అనుకరించు పంపుతో ద్రవమును పంపునపుడు ఆ స్పందనల కాలమును కూడ తగినట్లు సరిచూడవలెను.

కొలత

ద్రవములో మిల్లీమీటరులో నూరవవంతు వ్యాసము గల గాజుపూసలను కలిపి, పలుచని లేజరు కాంతితెరను ప్రసరింపజేసి, క్షణములో స్వల్పభాగము వ్యవధితో రెండు ఛాయాచిత్రములు తీయుదురు. పూసలు జరిగిన దూరమును కాలముచే భాగించిన వేగము తెలియును. మొదట స్టెంటు లేకయు, పిదప స్టెంటుతోను కొలిచి, సుడి ఎంత తగ్గెనో పోల్చుదురు.

ఇచ్చట ఒక హెచ్చరిక. తిన్నని గొట్టములో చక్కగా పనిచేసిన అల్లిక, వంపులో అట్లే పనిచేయునని నమ్మరాదు. వంపునందు జల్లెడ రంధ్రములు వెలుపలి అంచున విప్పారును, లోపలి అంచున ముడుచుకొనును. బుడగలు తరచుగా వెలుపలి అంచుననే ఏర్పడును. ప్రవాహపు తాకిడియు అచ్చటనే అధికము. అనగా, జల్లెడ ఎక్కడ దట్టముగా నుండవలెనో అక్కడనే పలుచనగును. కావున సులభమైన తిన్నని గొట్టముతో తృప్తిపడక, రోగి ధమని వంపుతోనే పరీక్షింపవలెను.

పరీక్ష చెప్పజాలనిది

గ్లిసరిను గడ్డకట్టదు, సిలికోనుపై జీవకణములు పెరుగవు. కావున ఈ పరీక్ష సుడి ఎంత తగ్గెనో చెప్పునే కాని, బుడగ మానునని చెప్పజాలదు. అందుకు జంతువులపైని, పిమ్మట రోగులపైని జాగ్రత్తతో జరుపు పరిశీలనలు కావలయును. తన కొలతకు హద్దు ఎచ్చటనో ఎరిగి పలుకుట శాస్త్రజ్ఞుని ధర్మము. ఆ హద్దునకు ఆవల నున్నది ఒక మనుష్యుని ప్రాణము.

అభ్యాసము

1. ప్రతిరూపములో ఉత్త నీటిని వాడిన కలుగు రెండు దోషములేవి?
2. ప్రతిరూపము ధమనికి రెండింతలు పెద్దది. ద్రవపు సాంద్రత, స్నిగ్ధత రక్తముతో సమానము. ధమనిలో వేగము సెకనుకు 36 సెం.మీ. అయిన, ప్రతిరూపములో ఎంత ఉండవలెను?
3. స్టెంటు అల్లిక మిక్కిలి దట్టముగా ఏల ఉండరాదు?