కురియుచున్న వెలుతురు కిటికీని మార్చుట

చదువవలసిన భాగములు: ప్రసంగి 10:18, మార్కు 2:1–12, ద్వితీయోపదేశకాండము 22:8



ప్రసంగి రాజులనుగూర్చియు విందులనుగూర్చియు వ్రాయుచు, నడుమ ఇంటికప్పు సంగతి ఒకటి ఎత్తినాడు. చేతులు ముడుచుకొని కూర్చున్నవాని యింట దూలములు క్రుంగిపోవుననియు, వాన లోపలికి వచ్చుననియు ఆ మాటల తాత్పర్యము. మన పల్లెలలో ఈ వచనము చదివినప్పుడు ఎవరికిని వ్యాఖ్యానము అక్కరలేదు. చినుకు పడగానే గిన్నెలు, తపేలాలు నేలమీద పరచుకొను ఇండ్లు మన సంఘములలో ఇంకను ఉన్నవి.

అయితే ఇల్లు కురియుట అన్నివేళల సోమరితనమువలననే కాదు. ప్రతి యేడు డబ్బు వెచ్చించి, తారు పూయించి, సిమెంటు మెత్తించి, అయినను తడియుచున్న కుటుంబములను మేము ఎరుగుదుము. వారు పని చేయకపోలేదు. చేయవలసిన చోట చేయలేదు. ముఖ్యముగా పైకప్పులో వెలుతురుకొరకు విడిచిన అద్దపు కిటికీ కురిసినప్పుడు ఈ పొరపాటు జరుగును. కనుక ఈ నెల పాఠములో దానినిగూర్చియే వివరముగా వ్రాయుచున్నాము.

పైనుండి వెలుతురు తెచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. రాయలసీమ మట్టిమిద్దెలలో కప్పు నడుమ గవాచి విడుతురు. వెలుతురు దానిలోనుండి దిగును, పొయ్యి పొగ దానిలోనుండి పైకి పోవును. వాన వచ్చినప్పుడు ఇంటివారు దానిమీద బండయో కుండయో మూయుదురు. ఆ మిద్దెలమీద వానకాలమునకు ముందు చౌడుమన్ను పోసి సర్దుట వాడుక. కోస్తా ప్రాంతపు మండువా లోగిళ్లలో నడుమ ఆకాశమే తెరచియుండును. నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి వాననీటిని నడిమి గుంటలో పోయును, అక్కడనుండి తూము వెలుపలికి తీసికొనిపోవును. రోమా పట్టణములోని పాంథియన్ అను కట్టడము 609వ సంవత్సరమునుండి క్రైస్తవ దేవాలయముగా ఉన్నది. దాని గుమ్మటము నడినెత్తిన సుమారు 27 అడుగుల వెడల్పుగల రంధ్రము నేటికిని అద్దము లేకయే తెరచియున్నది. వాన లోపలనే పడును. నేలను కొంచెము ఉబ్బెత్తుగా కట్టి, నీరు పోవుటకు రంధ్రములు పెట్టినారు. ఈ పాతవారందరు వెలుతురుతోకూడ నీరును వచ్చునని ముందే ఒప్పుకొని, ఆ నీటికి త్రోవ చూపిరి. మనము అద్దము బిగించి, ఇక నీరు రాదని ధైర్యపడితిమి. చిక్కు అక్కడ మొదలయినది.

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ అను పేట ఉన్నది. అఫ్జల్‌గంజ్‌కును బేగంబజారుకును చేరువగా, మూసీనదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న వ్యాపారపు పేట. ఇటువంటి పాత పేటలలో ముందు అంగడియు, వెనుకను పైనను కాపురమును గల ఇండ్లు అనేకము. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో ఉమ్మడి గనుక ప్రక్కకు కిటికీ పెట్టుటకు వీలులేదు. నడిమి గదికి వెలుతురు రావలెనంటే పైనుండియే రావలెను. పూర్వము తెరచియున్న నడిమి వాకిలిని తరువాతివారు చోటు చాలక కప్పివేసి, వెలుతురుకు ఒక అద్దము మాత్రము విడిచిన ఇండ్లును ఉన్నవి.

మా పల్లెనుండి ఒక తరము క్రిందట ఆ పేటకు వెళ్లి స్థిరపడిన కుటుంబమొకటి ఉన్నది. అన్నదమ్ములిద్దరు కలిసియే యున్నారు. గర్డర్లమీద షాబాదు బండలు పరచి, పైన సున్నపు గచ్చు వేసిన పాత కప్పు వారిది. నడిమి గది నెత్తిన మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల అద్దము ఉన్నది. ఆ గదిలో మంచము పట్టిన తల్లి యున్నది. నేలమీద ఎండమచ్చ ఎక్కడికి జరిగెనో చూచి ఆమె గంట చెప్పును. తమ్ముని భార్య అక్కడనే మిషను పెట్టుకొని రవికెలు కుట్టును. పిల్లల బడి ఫీజు ఆ కుట్టుమీదనే గడచుచున్నది.

వానకాలములన్నిట ఆ గది తడియుచుండెను. అద్దమును రెండుమార్లు మార్చిరి, అయినను కురిసెను. ఇది చూచి విసిగి అన్న యిట్లనెను: "ఆ బెజ్జము ఉన్నంతకాలము మనకు నెమ్మది లేదు. స్లాబు వేసి మూసివేయుదము, రెండు ట్యూబులైట్లు పెట్టుకొందము." అప్పుడు మరదలు, "బావగారూ, లైటు క్రింద నల్లగుడ్డమీద నల్లదారము కనబడదు. అత్తమ్మకు పగలేదో రాత్రియేదో తెలియదు," అనెను. ఈ మాటమీద ఇంటిలో చాలదినములు పలుకులు లేకపోయెను. ఎడతెగక కారు నీటిచుక్కలను గయ్యాళితనముతో పోల్చిన సామెతల గ్రంథవచనమును మన పురుషులు ఇండ్లలో తరచుగా ఎత్తుచుందురు. మేము చూచినంతమట్టుకు, కారుట ముందు, జగడము తరువాత.

వారు అడుగగా మేము వెళ్లితిమి, పనియెరిగిన ఒక వృద్ధ మేస్త్రిని వెంటబెట్టుకొని వెళ్లితిమి. మేస్త్రి లోపలి మరకను చూచి ఏమియు తీర్పు చెప్పలేదు. "అయ్యగారూ, నీరు దూరినచోట కారదు, దారి దొరికినచోట కారుతుంది," అని చెప్పి, ఒకరిని లోపల నిలుచుండబెట్టి, తాను బకెట్లతో మిద్దె ఎక్కెను. కురియు కిటికీగల ప్రతి ఇంటివారు ఈ పరీక్ష చేయవలెను, ఖర్చు లేనిది. మొదట కిటికీకి పల్లపు వైపున మాత్రమే నీరు పోయుచు పది నిమిషములు వేచియుండవలెను. తరువాత ప్రక్కలు, తరువాత మెరక వైపు, అన్నిటికంటె చివర అద్దము. ఒకేసారి అంతటను కుమ్మరించినయెడల ఏమియు తెలియదు. ఆ ఇంట పల్లపు వైపు పోసినప్పుడు చుక్క రాలేదు. మెరక వైపు మూలలో పోసిన కొద్దిసేపటికి లోపల చుక్క పడినది. అదియు కిటికీ క్రింద కాదు, రెండడుగుల ఆవల. నీరు గర్డరు వెంబడి నడిచి అక్కడ దిగినది. అద్దముమీద పోసినప్పుడు ఏమియు కాలేదు. రెండుమార్లు మార్చిన అద్దములో ఏ దోషమును లేదు.

దోషము చట్రము కూర్చున్న చోటనున్నది. ఇనుప చట్రమును గచ్చుతో సమానముగా, గట్టు లేకుండ, గుంటలో బిరడావలె దించి, చుట్టును సిమెంటుతో పూడ్చియుండిరి. మిద్దెమీద మెరకనుండి వచ్చు నీరంతయు ఆ సందుకు తగిలి నిలుచుచుండెను. ఎండకు ఇనుము సాగును, చలికి ముడుచుకొనును. సున్నపు గచ్చు దానితో సమానముగా సాగదు. కనుక నడుమ పెట్టిన సిమెంటు వెంట్రుకవాసి పగులును, ఆ పగులులో నీరు దూరును, ఇనుము తుప్పుపట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక పగులును ఇంకను విడదీయును. పైన పూసిన తారు ఒక వేసవి ఎండకే పెళుసయి పెచ్చులు లేచును. ఇట్టి సందుకు ఎన్నిమార్లు పూత పూసినను ప్రయోజనము లేదు. చట్రమును ఊడబెరికి, దాని పీటను క్రొత్తగా కట్టవలెను.

ఆ పని ఏలాగు జరిగెనో చెప్పుదుము. పాత చట్రమును తీసి, చుట్టును అడుగు వెడల్పున కదలిన గచ్చునంతటిని గట్టిపొర తగులువరకు చెక్కివేసిరి. రంధ్రము చుట్టు ఆరు అంగుళముల ఎత్తు గట్టు కట్టిరి. మిద్దెమీద నిలిచిన నీరు ఆ గట్టు దాటి రాకూడదు. నాలుగు అంగుళములకు తక్కువయిన గట్టు గట్టు కాదని మేస్త్రి మాట. గట్టు మిద్దెను కలియు మూలను పదునుగా విడువక గుండ్రముగా నునుపు చేసి, నీరు పట్టని పూతను మిద్దెమీదనుండి గట్టు పైఅంచువరకు తెగకుండ ఎక్కించిరి. మెరక వైపున గచ్చును చిన్న గుట్టవలె తీర్చి, వచ్చు నీరు రెండుగా చీలి ప్రక్కలకు పోవునట్లు చేసిరి. ఆ తరువాత చట్రము. ఇది బిరడావలె లోపలికి దిగకూడదు. బానమీద మూకుడు బోర్లించినట్లు గట్టుకు వెలుపల రెండుమూడు అంగుళములు దిగవలెను. అప్పుడు అద్దముమీది నీరు గట్టు బయటనే రాలిపోవును. అద్దమునకు అడుగుకు ఒక అంగుళమైనను వాలు ఉండవలెను, ఒకటిన్నర అయిన మరి మంచిది. అద్దము ఇనుమును తాకకుండ నడుమ రబ్బరుపట్టీ వేసిరి. సిలికాన్ జిగురును అన్నిటికంటె చివర, కొంచెముగా వాడిరి. జిగురుమీదనే భారమంతయు మోపువారు మరల నిచ్చెన ఎక్కవలసినదే.

చట్రపు పల్లపు అంచున చిన్న రంధ్రములు రెండు విడిచిరి. వంటింటి ఆవిరి చల్లని అద్దమునకు తగిలి నీరయి దిగును. ఆ నీరు బయటికి పోవుటకు అవి కావలెను. ఆవిరి చుక్కలు చూచి మరల కురిసెనని భయపడి ఆ రంధ్రములను పూడ్చువారు ఉన్నారు. అట్లు చేయకుడి.

అద్దము ఏ జాతిదో కూడ చూడవలెను. సాధారణపు అద్దము పగిలినప్పుడు కత్తులవలె పడును. గట్టిపరచిన అద్దము చిన్న ముక్కలగును, అయినను నెత్తిమీద రాలును. రెండు అద్దముల నడుమ పొర అతికించినది, కార్ల ముందువైపు ఉండునట్టిది, పగిలినను పొరను పట్టుకొని నిలుచును. మంచము పట్టిన మనిషి తలపైకి ఇదియే తగినది. ఖరీదు ఎక్కువ గనుక పాలికార్బొనేటు షీటు వేయుదుమా అని తమ్ముడు అడిగెను. వేయవచ్చును, తేలిక, సులువుగా పగలదు. అయితే అది వేడికి ఇనుముకంటె అయిదురెట్లకు మించి సాగును. నాలుగడుగుల షీటు 40 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కనుక మేకు రంధ్రములను మేకుకంటె పెద్దవిగా తొలిచి, అంచున చోటు విడువవలెను. ఎండకు తట్టుకొను పూతగల ముఖము పైకి ఉండవలెను. తిరగవేసినయెడల కొన్నాళ్లకు పసుపుబారి పెళుసగును. వారు చివరకు అతికించిన అద్దమునే పెట్టించిరి. సగము సొమ్ము అన్నయే ఇచ్చెనని చెప్పుటకు మాకు సంతోషముగా ఉన్నది.

ఇక ద్వితీయోపదేశకాండములోని మాట. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చుననియు మోషే హెచ్చరించెను. మిద్దె అంచుకు పిట్టగోడ ఎట్టిదో, మిద్దె నడుమ అద్దమునకు ఇనుప జాలి అట్టిది. హైదరాబాదులో సంక్రాంతి దినములలో పిల్లలు గాలిపటమువైపు చూచుచు మిద్దెలమీద పరుగెత్తుదురు. కాలిక్రింద ఏమున్నదో చూడరు. కనుక అద్దముపైన జాలి బిగించక పని ముగిసినదని అనుకొనరాదు. పనివారును అద్దముమీద గాని, సిమెంటు రేకులమీద గాని కాలు పెట్టకూడదు. దూలము మీదుగా పలక వేసికొని నడువవలెను. ఆస్‌బెస్టాస్ గల పాత రేకులను కోయుట, తొలుచుట మంచిది కాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని.

మార్కు రెండవ అధ్యాయములో కపెర్నహూము ఇంటి కప్పును నలుగురు విప్పిరి. పక్షవాయువుగలవానిని దించుటకు వేరు త్రోవ వారికి దొరకలేదు. ఆ దేశపు ఇండ్లకు దూలములమీద కొమ్మలు, రెల్లు పరచి మట్టి మెత్తుదురు గనుక, మన మట్టిమిద్దె ఎరిగినవారికి ఆ పని కన్నులకు కట్టినట్లుండును. మన్ను క్రింద కూర్చున్న శాస్త్రుల తలలమీద రాలియే యుండును. మరునాడు ఆ కప్పును ఎవరు బాగుచేసిరో మార్కు వ్రాయలేదు. ఆ నలుగురే తట్టలతో మన్ను మోసియుందురని మా తలంపు. ఇంకొకరి ఇంటికప్పు విప్పినవాడు దానిని మరల మూయక పోయినయెడల అది విశ్వాసమని ఆ ఇంటివాడు ఒప్పుకొనునా?

పల్లెలలో పెంకుటిండ్లవారికి ఇంత పని లేదు. పెంకు ఆకారములోనే చేసిన గాజుపెంకును వరుసలో దూర్చుకొనవచ్చును. అది కురియుచున్నయెడల గాజును అనుమానింపక, కోతులు జరిపిన పైవరుస పెంకును చూడుడి. రేకుల కప్పులో వెలుతురు షీటు వేసినవారు పైరేకు దానిమీదికి, అది క్రిందిరేకుమీదికి వచ్చునట్లు పరచవలెను. ఈ వరుస తిరగబడినచోటనే నీరు దిగును.

రోహిణి కార్తె ఎండలోనే ఈ పని ముగించి, మృగశిరకు ముందు బకెట్ల పరీక్ష మరల చేయుడి. వానకాలము వెళ్లినదని గిన్నెలు ఎత్తి పెట్టకుడి. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసెను. 2020లో అక్టోబరు 13, 14 తేదీలలో, అందరు వానలు పోయినవని అనుకొన్న తరువాత, సుమారు 19 సెంటీమీటర్లు కురిసెను. ఉస్మాన్‌గంజ్‌లోని ఆ యింటివారు ఇప్పుడు ఏటేట వేసవి చివర గట్టు చుట్టు చేరిన ఆకులు, తెగిన గాలిపటముల దారములు ఊడ్చివేసి, చట్రపు అడుగు రంధ్రములలో చీపురుపుల్ల ఆడించి, ఇనుముకు రంగు లేచినచోట మరల రంగు వేయుచున్నారు. అది ఒక్క పూట పని.